సాయంత్రం మాత్ర

పెంగ్‌సీ మొక్కుకున్నది మూడు నెలలకే. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే తర్వాత ఊళ్లో అందరూ, ఆవిడేదో మొగుణ్ని జీవితాంతం బౌద్ధ విహారానికి ధారపోసిన మహా పుణ్యాత్మురాలన్నట్టు మాట్లాడారు.

మొగుడు సుబన్‌కి షుగరు పుండు పడి కుడికాలు నల్లబడింది. పెద్దాసుపత్రిలో డాక్టరు చీలమండ దాకా తీసేయాలన్నాడు. పెంగ్‌సీ ఆసుపత్రి ఆవరణలో బుద్ధుడి బొమ్మ ముందు మోకాళ్ల మీద కూలబడి, "స్వామీ, ఈ కాలు నాకు దక్కించు. ఒక్క వానాకాలం ఆయన్ని నీ దగ్గర ఉంచుతాను" అంది. కాలు దక్కింది. వానలు మొదలైన రోజున సుబన్ గుండు గీయించుకుని కాషాయం కట్టాడు. వానలు వెళ్లిపోయాయి. సుబన్ మాత్రం ఇంటికి రాలేదు.

ఎప్పుడొస్తావని అడగడానికి వెళ్తే, "ఇక్కడ మనసు కుదుటపడింది, యోమ్" అన్నాడు. అన్నం పెట్టే గృహస్థులందరినీ భిక్షువులు పిలిచే పిలుపు అది. ఐసు అమ్మేవాడూ యోమే, ఊరి పెద్దా యోమే, పెంగ్‌సీ కూడా యోమే. ముప్ఫై నాలుగేళ్లు "ఏమే" అని పిలిచిన నోరది. నాలుగు తిట్లు తిట్టినా ఇంత బాధపడేది కాదామె. వేలందిస్తే చెయ్యి మింగే రకమని మనుషుల్ని అంటారు గానీ, దేవుళ్లు మాత్రం తక్కువ తిన్నారా?

అలా రెండేళ్లయింది. ఊరు ఆయన్ని లువాంగ్ తా అనడం మొదలుపెట్టింది. సంసారం చేసి చేసి పెద్దవయసులో కాషాయం కట్టినవాళ్లని, తాతగారూ అన్నట్టుగా అలా పిలుస్తారు. పెంగ్‌సీ కూడా నలుగురిలో అలాగే అనేది. అన్న ప్రతిసారీ నాలుక మీద వేపాకు పెట్టుకున్నట్టుండేది.

పెంగ్‌సీ ఆ ఊరి ఆరోగ్య వలంటీరు. నలభై ఇళ్లు ఆమె చేతికింద ఉన్నాయి. రక్తపోటు చూడటం, వేలు పొడిచి షుగరు చూడటం, ఆరోగ్య కేంద్రం ఇచ్చే నెల మందులు ఇంటింటికీ చేర్చడం ఆమె పని. అందులో ఆమెకో పద్ధతి ఉంది. ఏ ఇంటికి వెళ్లినా ముందు చాప పరిపించేది. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆసుపత్రివీ కొట్లో కొన్నవీ పక్కింటివాళ్లు ఇచ్చినవీ, ఒక్కటి మిగల్చకుండా ఆ చాప మీద పోయించేది.

"ఇదేంటవ్వా?" అని అడిగింది ఒకసారి ఖమ్‌సాయ్ అవ్వని.

"అది మోకాళ్లకే. కొట్లోవాడిచ్చాడు."

"మరి ఇది?"

"అదీ మోకాళ్లకే. మా అల్లుడు తెచ్చాడు."

"రెండూ కలిపి మింగుతున్నావా? సరే, ఈ తెల్లది?"

అవ్వ కళ్లు చికిలించి చూసి, "అది మా కుక్క గజ్జికి. ఎలా కలిసిందో మరి. నీకెందుకే, అది వేసుకున్నాకే కాస్త హాయిగా ఉంది" అంది.

"ఒక మందుకీ ఇంకో మందుకీ పడదవ్వా. అవి కొట్టుకుంటే వాటికేం కాదు, చచ్చేది నువ్వు" అని పెంగ్‌సీ సగం మాత్రలు తీసి సంచిలో వేసుకుంది. ఆరోగ్య కేంద్రం నర్సు విలావన్ ఈ చాప పద్ధతి గురించి జిల్లా మీటింగులో చెప్పి చప్పట్లు కొట్టించింది. కానీ గురివింద గింజకి తన కింద నలుపు కనపడదు. నలభై ఇళ్ల మందులూ ఆ చాప మీదికి వచ్చాయి. ఒక్క సుబన్ మందులు మాత్రం రాలేదు.

సుబన్ షుగరు మాత్రలు ఇంకా పాత పేరు మీదే వస్తున్నాయి. ఆరోగ్య కేంద్రంలో ఉన్న కార్డు మీద ఆయన భిక్షువు కాడు. సుబన్, అరవై ఒక్క ఏళ్లు, రైతు. ప్రతి నెలా మొదటి మంగళవారం పెంగ్‌సీ వెళ్లి, నలభై ఇళ్ల మందులతో పాటు ఆ పొట్లం కూడా తీసుకుని సంతకం పెట్టేది. సంతకం పక్కన, రోగికి ఏమవుతారు అనే గడిలో "భార్య" అని రాసేది. నిదానంగా, అక్షరం అక్షరం దిద్దుతూ రాసేది. లోకంలో ఆ మాట ఇంకా చెల్లుతున్న కాగితం అదొక్కటే మరి.

విలావన్ ఆ ఊరికి వచ్చి ఏడాదే అయింది. ఆమెకి పాత సంగతులు తెలియవు.

"పెంగ్‌సీ అమ్మా, మీ ఆయన్ని ఒకసారి పంపండి. రక్తం చూసి చాలా రోజులైంది."

"పొలంలో ఉన్నాడు డాక్టరమ్మా."

"ఎప్పుడడిగినా పొలమేనా? పొలంలోనే కాపురం పెట్టాడా ఏంటి?"

"ఆయనకదే లోకం" అని నవ్వేసి బయటపడేది పెంగ్‌సీ. బయటికొచ్చాక చెంపలు మండేవి. అబద్ధం ఆడినందుకు కాదు, అది నిజమైతే ఎంత బాగుండుననిపించినందుకు.

భిక్షువుకి ఆడది ఏదీ చేతికి ఇవ్వకూడదు. అందుకని మర్నాడు తెల్లవారి భిక్షకి వచ్చినప్పుడు, జిగట అన్నం ముద్దతో పాటు ఆ మాత్రల పొట్లాన్ని పాత్రలో జారవిడిచేది. ఆయన కళ్లెత్తేవాడు కాదు. ఈమె మోకాళ్ల మీద ఉండి ఆయన పాదాలే చూసేది. కుడికాలి మీద మానిన పుండు మచ్చ కింద కొత్త చర్మం లేతగా మెరుస్తుండేది. ఆ కాలు తనదే అనుకునేది పెంగ్‌సీ. మనిషి విహారానిదే కావచ్చు, కాలు మాత్రం నేను మొక్కి తెచ్చుకున్నది.

పొట్లం మీద ఏం రాసి ఉందో ఆమెకి తెలుసు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, భోజనం తర్వాత. మధ్యాహ్నం దాటాక భిక్షువు మెతుకు ముట్టడని కూడా తెలుసు. సాయంత్రం భోజనమే లేనివాడికి సాయంత్రం మాత్ర ఏమిటని ఒకటి రెండుసార్లు మనసులో గుచ్చుకుంది. విలావన్‌ని అడుగుదామనుకుంది. అడగాలంటే ఆయన భిక్షువని చెప్పాలి. చెబితే కార్డు మారుతుంది, మందులు తెచ్చే పని విహారం పెద్దకి పోతుంది, ఆ గడిలో భార్య అన్న మాట చెరిగిపోతుంది. అందుకని అడగలేదు. పైగా నల్లబడిన ఆ కాలు ఇంకా కలలోకి వచ్చేది. ఒకరోజు పాత్రలో అన్నం పెడుతూ, పెదాలు కదిలీ కదలకుండా, "సాయంత్రం మాత్ర మానొద్దు. మానితే కాలు పోతుంది" అని ఆమే చెప్పింది. ఆయన మానలేదు.

రెండేళ్లు ఎలాగోలా గడిచాయి. మాత్ర వేసుకున్న సాయంత్రాల్లో కొన్నిసార్లు ఆయనకి చేతులు వణికేవి, గుండె దడదడలాడేది. ఆ వణుకు రాగానే తాటిబెల్లం పానకం ఒక గ్లాసు తాగేవాడు. పొద్దుగూకాక కూడా భిక్షువు పానకం తాగొచ్చు. తాగితే సర్దుకునేది. ఆ వణుకే ఆయన్ని కాస్తోందని ఆయనకీ తెలియదు, ఈమెకీ తెలియదు.

వానాకాలం దీక్ష ముగిశాక, రాజధాని నుంచి గుండె డాక్టర్లు ఒక బస్సు నిండా వచ్చారు. భిక్షువులకి వైద్యం చేసి పుణ్యం సంపాదించుకుందామని వచ్చిన మంచివాళ్లే. ధర్మశాలలో శిబిరం పెట్టారు. ఆడవాళ్ల వరుసలో పెంగ్‌సీ రక్తపోటు చూస్తోంది. భిక్షువుల వరుస దగ్గర విహారం వ్యవహారాలు చూసే ఫొమ్మా మేష్టారు కూర్చుని కాగితాలు నింపుతున్నాడు. బడి నుంచి రిటైరయ్యాక కూడా ఆయనకి ఎవరో ఒకరిని బెంచీ ఎక్కించకపోతే తోచదు.

సుబన్ వంతు వచ్చింది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగాడు. మేష్టారు భిక్షువు వంక కూడా చూడకుండా, "లేదు, లేదు. విహారంలో నాకు తెలియకుండా ఏముంటుంది?" అన్నాడు. సుబన్ నోరు విప్పలేదు. నెలనెలా పాత పెళ్లాం అన్నంలో దాచి మాత్రలిస్తోందని అంతమందిలో ఏ మొహంతో చెబుతాడు? మాత్రలు వాడుతున్నాడు కాబట్టి ఆ రోజు షుగరు కూడా మామూలుగానే కనపడింది. గుండె వేగంగా కొట్టుకుంటోందనీ, రక్తపోటు ఎక్కువగా ఉందనీ, నడిస్తే ఛాతీ పట్టేస్తోందనీ గుండెకి మాత్రలు రాసి ఇచ్చారు. భిక్షువులందరినీ తీపి పానీయాలు తగ్గించమన్నారు. మేష్టారు ఆ సాయంత్రమే పానకం కుండ ఎత్తించేశాడు. తగ్గించమంటే మానిపించడం ఆయన స్వభావం.

పెంగ్‌సీ మేష్టారి చేతిలోని పొట్లం చూసింది.

"లువాంగ్ తాకి ఏం మందిచ్చారు మేష్టారూ?"

"గుండెకి."

"ఒక్కసారి చూపిస్తారా?"

మేష్టారు పొట్లాన్ని జేబులో వేసుకుని, చుట్టూ ఉన్నవాళ్లకి వినపడేలా, "లువాంగ్ తా సంగతి విహారం చూసుకుంటుందమ్మా. నువ్వు నీ చాపా, నీ ముసలమ్మలూ, ఆ కుక్క మందులూ చూసుకో" అన్నాడు. వరుసలో ఉన్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

"ఆయన షుగరు మాత్రలు కూడా వేసుకుంటాడు." ఈ ఒక్క మాట అప్పుడు అనాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా. నలభై ఇళ్లలో నలభైసార్లు చెప్పిన మాటే. కానీ ఈ పొగరుబోతు చేతిలో ఆ పొట్లం కూడా పెట్టడమా, అదొక్కటే నాకు మిగిలింది, అనుకుంది. మొండితనంతో నోరు మూసుకుంది. మొండితనమే అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడది ప్రేమ అనుకుంది.

నెల దాటింది. చలి ముదిరింది. పొగమంచులో వరికొయ్యలు కూడా కనపడని ఒక తెల్లవారుజామున, పెంగ్‌సీ ఇంటి ముందు ఈతచాప మీద మోకాళ్లు మడిచి కూర్చుంది. ఒళ్లో వెదురు బుట్ట, బుట్టలో పొగలు కక్కే జిగట అన్నం. ఐదుగురు భిక్షువులు వరుసగా వచ్చారు. నలుగురికీ ముద్దలు పెట్టింది, వాళ్లు ముందుకి సాగిపోయారు. దీక్ష తీసుకున్న వరుసలో అందరికన్నా చిన్నవాడు కాబట్టి సుబన్ చివర. పాదాలు వచ్చి ఆగాయి. ముద్ద పెట్టింది. పాదాలు కదల్లేదు.

"ఏమే."

పెంగ్‌సీ చెయ్యి బుట్టలోనే ఉండిపోయింది.

"ఏమే, ఇవాళ కూరేంటి?"

చూడకూడదని తెలిసీ తలెత్తింది. సుబన్ ఆమెనే చూస్తున్నాడు. రెండేళ్ల తర్వాత సూటిగా, కళ్లలోకి చూస్తున్నాడు. అంత చలిలోనూ ఆయన నుదుటి మీద, పెదాల పైన చెమట పోసి ఉంది. కాషాయం మెడ దగ్గర తడిసింది.

పెంగ్‌సీలోని వలంటీరు ఠక్కున లేచింది. షుగరు పడిపోతే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, చెమట పోస్తుంది. ఏడాదికి రెండుసార్లు శిక్షణలో అప్పజెప్పించే పాఠం అది. పాత్ర పట్టుకున్న చేతుల వంక చూసింది. రాయిలా నిలకడగా ఉన్నాయి.

"గుండె దడగా ఉందా?" అని మెల్లగా అడిగింది.

"గుండెకేం, నిద్రపోతోంది" అని నవ్వాడు సుబన్. ఆ నవ్వు కూడా పాతదే, ఎడమవైపుకి ఒరిగే నవ్వు.

వణుకు లేదు, దడా లేదు. గబగబా నడిచాడేమో, అందుకే చెమట, అని వలంటీరుని కూర్చోబెట్టేసింది పెళ్లాం.

"వెదురు చిగుళ్ల పులుసు" అంది పెంగ్‌సీ. గొంతు వణికింది. వణకాల్సింది ఆయన చేతులు, ఈమె గొంతు కాదు.

"అయితే నాకు ఉంచు. పొలం నుంచొచ్చి తింటా."

ఏ పొలం? రెండేళ్ల క్రితం కౌలుకిచ్చేసిన పొలం. అక్కడైనా ఆమెకి తెలివి రావాల్సింది. రాలేదు. పోనీ, రానివ్వలేదు. "ఉంచుతాలే" అంది. ఇంకా ఏమైనా అంటాడేమోనని చూస్తూ కూర్చుంది. పది అడుగుల దూరంలో వంటింట్లో చక్కెర డబ్బా ఉంది, గోడకి తగిలించిన సంచిలో వేలు పొడిచి చూసే మిషను ఉంది. ఆమె లేవలేదు. లేస్తే ఆయన మాట ఆగిపోతుందేమోనని భయం.

సుబన్ భిక్షువుల వెనక పోలేదు. ఇంటి గేటు వైపు తిరిగాడు. సొంతింటికి వచ్చే మగాడు తిరిగినట్టే తిరిగాడు. గేటు మీద చెయ్యి వేసి, గడియ ఎటు తీయాలో మరిచిపోయినవాడిలా దాన్ని కాసేపు తడిమాడు. తర్వాత కాళ్లు మడతపడి పక్కకి ఒరిగిపోయాడు. పాత్ర పడి దొర్లింది, ఊరందరి ముద్దలూ మట్టిలో కలిశాయి.

"ముట్టుకోకు వదినా! ముట్టుకోకు, పాపం! మగాళ్లని పిలుస్తా ఉండు!" అని పక్కింటి బువా కేకలు పెడుతూ పరిగెత్తింది.

పెంగ్‌సీ అప్పటికే సంచి తెచ్చి, ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని వేలు పొడిచింది. మిషను మీద ఇరవై తొమ్మిది అని వచ్చింది. డెబ్భైకి తగ్గితేనే గాభరా పడాలని ఊరంతా తిరిగి చెప్పే మనిషి ఆమె. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకూడదని కూడా ఆమే చెబుతుంది. అందుకని తెచ్చిన చక్కెర పక్కనే పెట్టుకుని, ఆయన్ని ఒక పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టి, ఆ చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఫొమ్మా మేష్టారు ట్రక్కు తీసుకుని ఊడిపడ్డాడు.

"ఆడదానివి, భిక్షువుని ముట్టుకుంటావా? సిగ్గుండాలి!"

"సిగ్గు సంగతి తర్వాత చూసుకుందాం మేష్టారూ. ముందు కాళ్లు పట్టుకుని ఎత్తండి."

మేష్టారు ఎత్తాడు. ఆ గొంతుకి బడిలో పిల్లాడిలా లొంగిపోయాడు.

జిల్లా ఆసుపత్రిలో సూది గుచ్చి చక్కెర నీళ్లు ఎక్కించారు. షుగరు లేచింది, గంటలో మళ్లీ జారింది. మళ్లీ ఎక్కించారు. డాక్టరు చిన్నపిల్ల, జుట్టు ముడేసుకుని, కళ్ల కింద నలుపుతో ఉంది.

"ఏం మందులు వాడతారు?"

"గుండె మాత్రలు. అంతే. నా చేత్తోనే ఇస్తాను" అన్నాడు మేష్టారు, పొట్లం చూపిస్తూ.

"ఒట్టి ఈ మాత్రలకి షుగరు ఇంతలా పడిపోదే!"

పెంగ్‌సీ సంచిలోంచి ఆ నెల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. నిన్న మంగళవారం తెచ్చింది, పొద్దున ఇచ్చేలోపే ఇదంతా అయింది. దాని మీద పాత పేరు చదివి మేష్టారు నోరు తెరిచాడు. ఆమె ఆయన వంక చూడలేదు. రెండేళ్ల సంగతి మొత్తం, ఆరోగ్య కేంద్రంలో ఆడిన అబద్ధం దగ్గర్నుంచి అన్నం ముద్దల దాకా, ఒక్కటి దాచకుండా డాక్టరుకి చెప్పింది. చాప మీద పోసినట్టు పోసేసింది.

డాక్టరు రెండు పొట్లాలూ పక్కపక్కన పెట్టి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఈ షుగరు మాత్ర చాలాసేపు పనిచేస్తుందమ్మా. రాత్రంతా కడుపు ఖాళీ. షుగరు పడిపోతుంటే, ఒళ్లే చేతులు వణికించి, గుండె దడదడలాడించి మనిషిని హెచ్చరిస్తుంది. ఈ గుండె మాత్ర ఆ రెండిటినీ అణిచేస్తుంది. ఒక్క చెమట మాత్రం దానికి లొంగదు. చెమట చూడలేదా మీరు?"

"చూశాను" అంది పెంగ్‌సీ.

డాక్టరు కలం తీసింది. "పడిపోకముందు ఏమైనా తేడాగా ప్రవర్తించారా? మెదడుకి ఎంతసేపు చక్కెర అందలేదో నాకు తెలియాలి. తికమకపడటం, ఎక్కడున్నారో మర్చిపోవడం, వింతగా మాట్లాడటం లాంటివి?"

మేష్టారు వింటున్నాడు. తలుపు దగ్గర, వెంట వచ్చిన బువా వింటోంది. వాళ్ల గురించి కాదు పెంగ్‌సీ బాధ. ఆ మాట బయటపెడితే ఇంక అది తనది కాదు.

"అమ్మా, చెప్పాలి."

"కూరేంటని అడిగాడు" అంది చివరికి. "పులుసు ఉంచమన్నాడు. పొలం నుంచొచ్చి తింటానన్నాడు. నన్ను... నన్ను పాత పిలుపుతో పిలిచాడు."

"ఎంతసేపు?"

"ఒక ఐదు నిమిషాలు. నేనే మాట్లాడిస్తూ కూర్చున్నాను."

"ఇంతకుముందెప్పుడైనా ఇలా జరిగిందా?"

జరిగింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పోయిన పౌర్ణమి తెల్లవారి పాత్ర చాపుతూ, "చలికి శాలువా కప్పుకోవే" అన్నాడు. ఆ ఒక్క ముక్కని పద్దెనిమిది రోజులు కొంగున ముడేసుకుని తిరిగింది. ఇంటికొస్తాడనే అనుకుంది. రెండో దిండుకి గలీబు కూడా ఉతికి ఆరేసింది.

"పౌర్ణమి నాడు ఒకసారి" అంది.

డాక్టరు తల వంచి రాసుకుంది. రాస్తూ అలవాటుగా పైకి చదివింది. "సంబంధం లేని మాటలు. రెండుసార్లు."

మధ్యాహ్నానికి షుగరు నిలకడ పడింది. ఇంకో రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలనీ, పాత కార్డు తీసేసి రెండు మందులూ కొత్త పేరు మీద ఒకే కాగితంలో రాస్తామనీ, ఆ సాయంత్రం మాత్ర ఇక ఉండదనీ డాక్టరు చెప్పింది. ఇక మీదట మందులు ఎవరు తీసుకుంటారని అడిగితే, మేష్టారు గొంతు సవరించుకున్నాడు గానీ ఈసారి ఏమీ అనలేదు. "విహారమే తీసుకుంటుంది" అని పెంగ్‌సీయే చెప్పింది.

అప్పుడు సుబన్ కళ్లు తెరిచాడు. డాక్టరు మంచం మీదికి వంగింది.

"స్వామీ, మీ పేరేంటి?"

"భిక్షు సుబన్."

"ఇదేం ఊరు? ఏం రోజు?"

రెండూ తడుముకోకుండా చెప్పాడు. డాక్టరు పెంగ్‌సీని ముందుకి రమ్మని సైగ చేసింది. "మరి ఈవిడెవరో చెప్పగలరా?"

పెంగ్‌సీ మంచం పట్టె దగ్గర నిలబడింది. తప్పు చెప్పాలని కోరుకుంది. ఒక్క క్షణమే అయినా, ఆయన మెదడు చచ్చినా ఫరవాలేదన్నంత గట్టిగా కోరుకుంది. అలా కోరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సుబన్ ఆమెని చూశాడు. భుజం మీంచి జారిన కాషాయాన్ని సర్దుకున్నాడు. చూపు దించుకున్నాడు.

"మా ఊరి ఆరోగ్య వలంటీరు. యోమ్ పెంగ్‌సీ."

"చాలా మంచిది" అంది డాక్టరు. మొహం మొదటిసారి విప్పారింది. "పూర్తిగా తెలివిలోకి వచ్చేశారమ్మా. ఇక భయం లేదు."

పెంగ్‌సీ మోకాళ్ల మీద కూర్చుని, చేతులు జోడించి, భిక్షువుకి మూడుసార్లు నేల మీద తల ఆనించి మొక్కింది.